పాలు, వెన్న, గ్రుడ్డు లేని ఆపిలు క్రంబుల్

గడచిన సంవత్సరము కోతపండుగనాటి సాయంకాలమున మా హాస్టలు పిల్లలకు కేకు పంచిపెట్టుచుంటిమి. అందఱును సంతోషముగా తినుచుండిరి. వరుస చివర ఆఱవ తరగతి బాలుడొకడు అరటిపండు చేతబట్టుకొని కొంచెము ఎడముగా కూర్చుండి యుండెను. వానికి పాలు పడవు. పాలుగాని, వెన్నగాని, మజ్జిగగాని ఏ కొంచెము లోనికి పోయినను ఒడలెల్ల దద్దురులు లేచి ఊపిరి యాడుట కష్టమగును. ఆ సంగతి మేమెఱుగుదుము గనుకనే వానికి అరటిపండు ఇచ్చితిమి. అయినను దగ్గఱకు పోయి, "కేకు లేదని విచారముగా నున్నదా, నాయనా?" అని అడిగితిమి. "లేదండి, టీచరుగారూ. నాకు అలవాటేనండి" అని వాడు బదులు చెప్పెను.

పదునొకండేండ్ల బాలుడు పండుగనాడు విడిగా కూర్చుండుటకు అలవాటుపడి యున్నాడనిన, ఆ తప్పు వానిది కాదు. పంక్తిని సిద్ధపఱచిన మాది. వానికి అపాయము కలుగకుండ చూచితిమే గాని, వానిని అందఱితో కూర్చుండబెట్టు ఉపాయమును మేము వెదకలేదు. గ్రుడ్డు తినని కుటుంబముల పిల్లలును మా పాఠశాలలో కొందఱు కలరు. వారును కేకును ముట్టక ప్రక్కవానికి ఇచ్చివేయుచుండిరని పిమ్మట తెలిసినది. కావున ఈ సంవత్సరము మా వంటతరగతి విద్యార్థినులును మేమును కలిసి, పాలు, వెన్న, గ్రుడ్డు లేకుండ పండుతో చేయదగిన ఒక తీపివంటకమును నేర్చుకొంటిమి. నేర్చుకొన్నదానిని, చేసిన పొరపాటులతో సహా, ఈ పుటలలో వ్రాయుచున్నాము.

ఈ వంటకము ఎక్కడిది?

మేము ఎంచుకొన్నది ఆపిలు క్రంబుల్. ఇది ఇంగ్లండు దేశపు ఇండ్లలో శరత్కాలమున చేయు వంటకము. క్రంబుల్ అనగా పొడిపొడిగా రాలునది అని అర్థము. పండు ముక్కలను పళ్లెములో పఱచి, పైన పిండి, చక్కెర, వెన్న కలిపి నలిపిన రవ్వవంటి పొడిని చల్లి, ఓవెనులో కాల్చుదురు. అడుగున పండు మెత్తబడి రసమూరును. పైపొర ఎఱ్ఱబడి కరకరలాడును.

అక్కడి శరత్తు సెప్టెంబరు మొదలు నవంబరు వఱకు నుండును. మనకు ఆకు రాలునది శిశిరమున. వారికి శరత్తుననే ఆకు పండి రాలును. ఆపిలు తోటలలో కాయ కోయుకాలమును అదియే. అక్కడి దేవాలయములలో కోతపండుగను ఇప్పటి రీతిగా జరుపుట 1843వ సంవత్సరమున ఆరంభమయ్యెను. కార్న్‌వాల్ సీమలోని మోర్వెన్‌స్టో గ్రామమున రాబర్ట్ హాకర్ అను గురువు దానిని మొదట జరిపించెను. మన సంఘములలో జరుగు కోతపండుగకు అది అన్నగారివంటిది.

ఇంగ్లండులో వంటకు వాడు ఆపిలు వేఱు, పచ్చిగా తినుటకు వాడు ఆపిలు వేఱు. వంటకు పేరుపొందినది బ్రామ్లీ అను పుల్లని పెద్ద పండు. దాని చరిత్ర మన విద్యార్థినులు వినదగినది. 1809వ సంవత్సరమున నాటింగ్‌హామ్ సీమలోని సౌత్‌వెల్ పట్టణమున మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అను బాలిక ఆపిలు గింజలను నాటెను. అందొక గింజ చెట్టయినది. 1846లో ఆ ఇంటిని మాథ్యూ బ్రామ్లీ అను మాంసపు వర్తకుడు కొనెను. పదేండ్లకు, అనగా 1856లో, హెన్రీ మెరీవెదర్ అను తోటమాలి ఆ చెట్టు కొమ్మలతో అంటు కట్టుకొనుటకు సెలవడిగెను. పండునకు తన పేరు పెట్టవలెనని బ్రామ్లీ షరతు పెట్టెను. అందుచేత నాటిన బాలిక పేరు పండునకు రాలేదు. అయినను ఆమె నాటిన గింజ ఫలము దేశమంతటి వంటయిండ్లకును చేరినది.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఈ వంటకము వాడుక హెచ్చినది. 1940 జనవరి 8వ తేదీనుండి ఆ దేశమున వెన్నకును చక్కెరకును రేషను పెట్టిరి. మనిషికి వారమునకు వెన్న 2 ఔన్సులు, అనగా సుమారు 57 గ్రాములు మాత్రమే దొరకిన దినములు కలవు. రేషను పూర్తిగా తొలగినది 1954లో. పండునంతయు పిండి అప్పముతో కప్పి కాల్చు పై అను వంటకమునకు వెన్న మిక్కిలిగా కావలెను. క్రంబులునకు కొంచెము చాలును. ఉన్న క్రొవ్వు ఏదైనను పనికివచ్చును. ఇది మాకు మొదటి సూచన అయ్యెను. వెన్న కఱవైనప్పుడు నిలిచిన వంటకము, వెన్న బొత్తిగా లేకున్నను నిలువవచ్చునని తోచినది.

మనకు దొరకు పండు

బ్రామ్లీ పండు మన అంగళ్లకు రాదు. మనకు వచ్చునవి హిమాచల ప్రదేశమునుండియు, కాశ్మీరమునుండియు వచ్చు తీయని ఎఱ్ఱ ఆపిలులు. దసరా, దీపావళి దినములలో ఇవి మన పట్టణములకు విస్తారముగా దిగును. ఇప్పటి హిమాచలపు ఎఱ్ఱ ఆపిలు తోటలకు మూలము వేసినవారిలో సామ్యూల్ స్టోక్స్ ముఖ్యుడు. ఆయన అమెరికా దేశస్థుడు. 1904లో మన దేశమునకు కుష్ఠరోగులకు సేవ చేయుటకై వచ్చెను. పిమ్మట సిమ్లా కొండలలోని కోట్‌గఢ్‌లో స్థిరపడి, 1916 ప్రాంతమున రెడ్ డెలిషస్ అను జాతి మొక్కలను అమెరికానుండి తెప్పించి నాటి, కొండరైతులకు ఆ సాగు నేర్పెను.

ఈ తీయని ఆపిలునకును బ్రామ్లీకిని భేదము తెలిసికొనవలెను. బ్రామ్లీ వేడి తగులగానే వెన్నవలె కరగిపోవును. మన ఆపిలు ముక్క ఆకారము చెడక నిలిచియుండును. పులుపును తక్కువ. కావున ముక్కలను పలుచగా కోయవలెను, నిమ్మరసము చేర్చవలెను, చక్కెర తగ్గింపవలెను. ఆపిలు ఖరీదు భారమైన ఇండ్లవారు సగముపండిన జామను గింజలు తీసియైనను, అనాసపండునైనను ఇట్లే వాడవచ్చును. సీతాఫలమును మాత్రము పొయ్యికెక్కింపక అట్లే తినుట మేలు.

ఏ వస్తువు ఏ పని చేయును?

ఒక వస్తువును తీసివేసి వేఱొకటి వేయదలచినవారు, ఆ మొదటిది ఏ పని చేయుచున్నదో ముందు తెలిసికొనవలెను. ఈ పాఠములో ముఖ్యమైన మాట ఇదియే.

క్రంబులులో గ్రుడ్డు మొదటినుండియు లేదు. పాలును లేవు. తీసివేయవలసినది వెన్న యొక్కటే. వెన్న పని యేమి? గోధుమపిండికి నీరు తగిలి కలిపినప్పుడు గ్లూటెను అను సాగెడు పదార్థము ఏర్పడును. చపాతి పిండి సాగుట దానివలననే. సాగిన పిండి కాలినచో గట్టిబడును గాని పొడిపొడిగా రాలదు. వెన్నలోని క్రొవ్వు పిండిరేణువులను చుట్టుకొని నీరు తగులకుండ ఆపును. అందుచేత పొర పెళుసుగా నుండును. ఇది మొదటి పని. వేడిని సమముగా అందించి పొర ఎఱ్ఱబడుటకు తోడ్పడుట రెండవ పని. రుచియు వాసనయు ఇచ్చుట మూడవ పని. మొదటి రెండు పనులను ఏ నూనెయైనను చేయగలదు. మూడవదానిని కొబ్బరినూనె తన వాసనతోను, దాల్చినచెక్క, ఏలకులు తమ వాసనతోను తీర్చును.

పండునుగూర్చియు రెండు మాటలు. కోసిన ఆపిలు ముక్క కొంతసేపటికి గోధుమవన్నె కెక్కును. పండులోని ఒక ఎంజైము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఈ మార్పు చేయును. నిమ్మరసపు పులుపు ఆ ఎంజైము పనిని మందగింపజేయును. ఇక పండు మెత్తబడుట ఎట్లనగా, దాని కణములను ఒకదానితో నొకటి అంటించి యుంచు పెక్టిను అను జిగురు వేడికి వదులగును. అప్పుడు కణములు విడివడి రసము వెలువడును.

ఒకే పళ్లెములో అడుగు మెత్తగాను పై కరకరలాడుచును ఎట్లుండును? నీరున్నచోట వేడి 100 డిగ్రీలకు మించి పోజాలదు. ఆవిరియై పోవుటకే ఆ వేడి ఖర్చగును. పండులో నీరు విస్తారము గాన అది ఉడుకునే గాని మాడదు. పైపొడిలో నీరు లేదు. అచ్చట వేడి 140 డిగ్రీలు దాటును. అప్పుడు పిండిలోని మాంసకృత్తులును చక్కెరయు కలిసి ఎఱ్ఱబడి, రొట్టె అంచున వచ్చు మంచి వాసన పుట్టించును. కావున పైపొడిని అదిమిపెట్టరాదు. వదులుగా చల్లినచో ఆవిరి సందులగుండ వెడలిపోయి పొర పొడిగా నుండును. అదిమినచో ఆవిరి నిలిచి పొర ముద్దయగును.

మా పొరపాటులు

మొదటి ప్రయత్నమున పొర నూనె కారు ముద్దయైనది. కారణము వెదకగా తెలిసినదేమనగా, వెన్న అంతయు క్రొవ్వు కాదు. నూఱు గ్రాముల వెన్నలో క్రొవ్వు సుమారు 82 గ్రాములు, మిగిలినది చాలవఱకు నీరు. నూనె అంతయు క్రొవ్వే. మేము 110 గ్రాముల వెన్నకు బదులు 110 గ్రాముల నూనె పోసితిమి. పోయవలసినది 90 గ్రాములు. మా విద్యార్థినులలో ఒకతె ఈ లెక్కను నల్లబల్లపై వేసి చూపినప్పుడు, పాఠ్యపుస్తకములోని శాతముల లెక్క వంటయింటికి ఎందుకు పనికివచ్చునో అందఱకును బోధపడినది.

రెండవ ప్రయత్నమున త్వరగా కావలెనని ఓవెనును 220 డిగ్రీలకు పెట్టితిమి. ముక్కలను లావుగా కోసితిమి. పైపొర మాడినది, పండు పచ్చిగా నుండెను. మూడవసారి ముక్కలు పలుచన చేసి, వేడి తగ్గించి, ఓపికతో వేచియుంటిమి. అప్పుడు కుదిరినది.

కావలసిన వస్తువులు

ఈ కొలతలు ఎనిమిదిమందికి సరిపోవును.

పండు కొఱకు: ఆపిలుపండ్లు 1 కిలో; బెల్లపు పొడి 60 గ్రాములు; నిమ్మకాయ 1; దాల్చినచెక్క పొడి అర టీచెంచా; ఏలకులు 2; నీరు 2 పెద్ద చెంచాలు.

పైపొర కొఱకు: గోధుమపిండి 150 గ్రాములు, ఓట్సు 100 గ్రాములు, చక్కెర 80 గ్రాములు, కొబ్బరినూనె 90 గ్రాములు, ఉప్పు చిటికెడు.

చేయు విధము

1. ఓవెనును 180 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడిచేయవలెను.

2. నిమ్మకాయను పెద్ద గిన్నెలోనికి పిండి గింజలు తీసివేయవలెను. ఆపిలుపండ్లను కడిగి, చెక్కు తీసి, నడిమి గింజల భాగమును తొలగించి, అర సెంటీమీటరు మందమున ముక్కలుగా కోయవలెను. ఒక్కొక్క పండును కోసినవెంటనే ముక్కలను నిమ్మరసములో వేసి కలుపుచుండవలెను.

3. బెల్లపు పొడి, దాల్చినచెక్క పొడి, దంచిన ఏలకులు, నీరు ముక్కలకు చేర్చి కలిపి, అంచుగల లోతైన పళ్లెములో సమముగా పఱచవలెను. పళ్లెము నిండిపోరాదు. పైపొరకును, రసము పొంగుటకును రెండు వ్రేళ్ల ఎత్తు ఖాళీ యుండవలెను.

4. వేఱొక గిన్నెలో పిండి, ఓట్సు, చక్కెర, ఉప్పు కలిపి, నూనెను కొంచెము కొంచెముగా పోయుచు వ్రేళ్ల కొనలతో నలుపవలెను. అరచేతితో పిసుకరాదు. పిండి తడి ఇసుకవలె అయి, అక్కడక్కడ శనగగింజంత ఉండలు కట్టినప్పుడు చాలును. మన ఎండలకు కొబ్బరినూనె కరగియే యుండును. అది సుమారు 24 డిగ్రీలకు దిగువను పేరుకొనును. నూనె గిన్నెను చన్నీళ్లలో కొంతసేపు నిలిపి, పేరుకొనుచున్న నూనెను వాడినచో ఉండలు మఱింత చక్కగా కట్టును.

5. ఈ పొడిని పండుముక్కలపై వదులుగా చల్లి, అదుమక, ఓవెనులో 40 మొదలు 45 నిమిషములు కాల్చవలెను. అంచులయందు రసము బుడగలు కట్టి, పొర బంగారువన్నె వచ్చినప్పుడు, నడుమ సన్నని కత్తి గ్రుచ్చి చూడవలెను. పండు అడ్డులేక దిగినచో ఉడికినట్లు. పండు ఉడుకకమునుపే పొర ఎఱ్ఱబడినచో పైన మూత కప్పవలెను.

6. దించిన పిమ్మట పదునైదు నిమిషములు ఆఱనీయవలెను. రసము అప్పుడు కొంత చిక్కబడును. వెంటనే తిన్నచో నాలుక కాలును.

ఓవెను లేనివారు

మన ఇండ్లలో చాలమందికి ఓవెను లేదు. అందువలన ఈ వంటకమును విడువనక్కఱలేదు. అడుగు దళసరిగానున్న పెద్ద పాత్రలో రెండు సెంటీమీటరుల మందమున శుభ్రమైన ఇసుకగాని రాళ్ల ఉప్పుగాని పఱచి, దానిపై ఒక చిన్న కుదురు నుంచి, మూతవేసి పదునైదు నిమిషములు వేడిచేయవలెను. పిమ్మట పళ్లెమును కుదురుపై నుంచి, మరల మూతవేసి, సన్నని సెగపై సుమారు ఒక గంట యుంచవలెను. ఈ పద్ధతిలో పైనుండి వేడి తక్కువ గనుక పొర ఎఱ్ఱబడదు. అందుచేత నలిపిన పైపొడిని ముందుగానే మూకుడులో చిన్నసెగపై ఎఱ్ఱగా వేయించి, పండు ఉడికినపిమ్మట చల్లవలెను. మూతపై నిప్పులు పోసి పైవేడి కల్పించుట పూర్వులెఱిగిన ఉపాయమే. కట్టెపొయ్యి యున్నవారు దానిని ఆరుబయట పెద్దల యెదుట చేయవచ్చును. ఇసుకపాత్రలో నీరు పోయరాదు. దించునప్పుడు గుడ్డ లేక చేయి పెట్టరాదు.

పెట్టుటకుముందు అడుగుడు

ఈ భాగమును తలిదండ్రులు శ్రద్ధతో చదువ కోరుచున్నాము. పాలు పడనివారి కొఱకు వండునప్పుడు వస్తువులు మార్చుట మాత్రమే చాలదు. వెన్న కోసిన కత్తి, పాలు కాచిన గిన్నె, నేయి అంటిన చెంచా సరిగా కడుగకున్నచో అంటియున్న ఆ కొంచెమే హాని చేయును. కొన్ని మార్గరీనులలో పాలపదార్థము కలదు. కావున డబ్బాపై వ్రాసియున్నదానిని తుదివఱకు చదువవలెను. పాలు లేని వంటకమంతమాత్రమున అది అందఱకును పడునని తలపరాదు. గోధుమ పడనివారు కలరు. వేరుసెనగ పడనివారు కలరు. మేము వేరుసెనగ నూనె వాడకపోవుటకు అదియొక కారణము. ఎవరికేది పడదో ముందుగా వారినే, వారి పెద్దలనే అడుగవలెను. ఏదైన తిన్నపిమ్మట పెదవులు వాచినను, ఊపిరి యాడకున్నను, ఆలసింపక వైద్యశాలకు తీసికొనిపోవలెను.

మేము ఆ బాలుని తల్లికి పండుగకు వారము ముందుగా కబురంపితిమి. ఆమె వంటయింటికి వచ్చి పిండిసంచిని, ఓట్సు డబ్బాను, నూనె సీసాను చదివి చూచి, గిన్నెలు ఎట్లు కడిగితిమో అడిగి తెలిసికొనెను. "ఇన్నాళ్లును వీనికి ఏమి పెట్టకూడదో అందఱును అడిగినారండి. ఏమి పెట్టవచ్చునో అడిగినది మీరే" అని ఆమె అనెను. ఆ మెప్పునకు మేము తగము. ఒక సంవత్సరము ఆలసించి అడిగితిమి.

ఈ సంవత్సరపు పంక్తి

మా హాస్టలు పిల్లలు నలువదిమంది. ఎనిమిదిమంది కొకటి చొప్పున అయిదు పళ్లెములు కావలసివచ్చెను. మా ఓవెనులో ఒకసారికి రెండు పట్టును గనుక మూడుసార్లుగా కాల్చితిమి. అయిదు కిలోల ఆపిలుపండ్ల చెక్కు తీయుటకు పెద్ద తరగతి బాలురు కూర్చుండిరి. బాలికల పనియని ఎవరును అనలేదు. చెక్కులను పాఠశాల గోమాతకు పెట్టితిమి.

సాయంకాలమున ఆ బాలుడు వరుస చివర కాక నడుమ కూర్చుండెను. తన వంతు తినిన తరువాత లేచి వచ్చి, "అంచున కరకరలాడు ముక్క మిగిలినదాండి?" అని అడిగెను. ఆ ముక్క కొఱకు అప్పటికే నలుగురు పోటీపడుచుండిరి. వాడును అయిదవవాడుగా పోటీలో చేరి, దానిని పొందలేక నవ్వుచు మరలిపోయెను. మాకు అదియే తృప్తి కలిగించినది. వానికి ప్రత్యేకముగా ఏమియు దొరకలేదు. అందఱకును దొరకినదే వానికిని దొరకినది.

విద్యార్థులారా, వెన్న పని తెలియని వానికి వెన్న లేకున్న వంట లేదు. దాని పని తెలిసినవానికి బదులు దొరకును. తఱచుగా మనము ఒకరిని పంక్తినుండి విడిగా నుంచునది దయలేక కాదు, బదులు వెదకు శ్రమ పడలేక. మీ ఇంటికి పండుగనాడు వచ్చు నేస్తములలో ఎవరేది తినజాలరో అడిగి తెలిసికొని, ఈ దీపావళికైనను, వచ్చు కోతపండుగకైనను ఒక పళ్లెము క్రంబుల్ చేసి చూడుడు. మొదటిసారి చెడినచో మా మొదటి ముద్దను తలచుకొని, కొలత సరిచేసికొని, మరల ప్రయత్నింపుడు.